అడిగితే అబద్ధమే చెప్తడు

సంతాప సభలో నన్ను కూడా మాట్లాడమని ఫోను చేసిన మిత్రుడు, పెట్టేసే ముందు గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. రెండో ముద్రణ సంగతి మాత్రం ఎత్తొద్దని. పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకుంటే బాగుంటుందని. సరేనన్నాను. మంచి మాటలు ఏమున్నాయా అని వంటింట్లో నిలబడి ఆలోచిస్తుంటే స్టవ్ మీద పాలు పొంగిపోయాయి కానీ, ఒక్క మాటా తట్టలేదు. గుర్తొచ్చినవన్నీ విసుగులే. ఏళ్ల తరబడి పోగేసుకున్న విసుగులు.

ఆయన నవలాకారుడు. మనస్తత్వ నవలలు రాసేవారు. ఏదో ప్రభుత్వాఫీసులో పనిచేసి రిటైరై, చిలకలగూడలో ఉండేవారు. నేను జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్తాను. మేం కొందరం కలిసి నెలకోసారి ఒక సాహిత్య సభ నడుపుతాం. ఆ సభ పేరు మీద అప్పుడప్పుడూ ఒక పుస్తకం అచ్చు వేయిస్తాం. ‘మేం’ అంటున్నాను గానీ, హాలు మాట్లాడటం దగ్గర్నుంచి ప్రూఫులు దిద్దడం దాకా అన్నీ చివరికి నా నెత్తినే పడతాయి. ఆయన కూడా అలాగే పడ్డారు.

సాయంత్రం సభ అంటే ఆయన ఎండ తగ్గకముందే వచ్చి కూర్చునేవారు. హాలు ఊడుస్తుంటే కాళ్లు పైకెత్తేవారే తప్ప లేచి పక్కకు జరిగేవారు కాదు. సార్, జెర బయట కూర్చోండి అంటే, నాకేం తక్లీఫ్ లేదు బిడ్డా, నువ్వు ఊడ్చుకో అనేవారు. తక్లీఫ్ మాది అని ఆయనకు ఏనాడూ తోచలేదు. తనకు చక్కెర లేని టీ కావాలనేవారు. విడిగా తెప్పిస్తే, ఒక గుక్క తాగి, ఫ్లాస్కులోని చక్కెర టీ అందులో సగానికి కలుపుకునేవారు. ఫోను చేస్తే పలకరింపు ఉండదు. "అందుకే ఆమె కిటికీ పెట్టేసింది, సమజైందా" అని షురూ చేసేవారు. ఎవరామె, ఏ కిటికీ అని అడిగేలోపు ఫోను కట్. అది ఆయన రాస్తున్న నవలలోని సంగతని మర్నాడెప్పుడో మనకు వెలగాలి.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆయన మనుషుల్ని చదివేవారు.

నేను గడియారం కుడిచేతికి పెట్టుకుంటాను. పరిచయమైన కొత్తలోనే ఆయన కళ్లద్దాలు తీసి నా చేతివంక చూసి, మీ అమ్మతోని నీకు పంచాయతి ఉన్నది అన్నారు. ఎడమ మణికట్టు మీద నూనె చిందిన మచ్చ ఉందనీ, బెల్టు ఒరుసుకుంటే మంట పుడుతుందనీ, అందుకే చెయ్యి మార్చాననీ చెప్పాను. ఆయన సంతోషంగా తలూపి, ఎవరి వంటింట్ల చిందింది అన్నారు. మా అమ్మ వంటింట్లోనే. అనవసరంగా నిజం చెప్పాను. అప్పట్నుంచి సెలవులకు అమ్మ దగ్గరికి వెళ్తున్నానన్నప్పుడల్లా ఆయన నావైపు చూసే జాలి చూపుకు ఒళ్లు మండిపోయేది. మా సభలో ఒకతను పెద్దగా నవ్వుతాడు. అతనికి ఒక చెవి సరిగ్గా వినపడదు, అందుకని తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు. ఆయన మాత్రం అతను లోపల ఏడుస్తున్నాడని తేల్చేశారు. కొన్నాళ్లకు అతను మా సభలో నవ్వడమే మానుకున్నాడు.

ఒకసారి ఉండబట్టలేక, అన్నీ మీరే ఊహించుకునే బదులు వాళ్లనే అడగొచ్చు కదా సార్ అన్నాను.

"మనిషిని అడిగితే అబద్ధమే చెప్తడు బిడ్డా," అన్నారు. "దూరం నుంచి చూడాలె. చూస్తే దొరుకుతడు."

ఈ మాట ఆయన నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎవరిని చూసినా తప్పే చెప్పేవారు. ఎప్పుడూ తప్పే. అయినా ఆ నమ్మకం ఇసుమంతైనా సడలేది కాదు. ఇంకా విచిత్రం ఏమంటే, ఎదురుగా ఉన్న ఒక్క మనిషినీ సరిగ్గా పోల్చుకోలేని ఈ మనిషి కాగితం మీద మనుషుల్ని పెడితే వాళ్లు ఊపిరి తీసుకునేవారు. ఆయన నవల చదువుతూ పుస్తకం బోర్లించి కాసేపు గోడవంక చూస్తూ కూర్చున్న రోజులున్నాయి నాకు. ఇది కూడా నా విసుగుల్లో ఒకటి. రాయడం రాకపోతే ఆయన్ను ఎప్పుడో వదిలించుకునేవాళ్లం.

చివరి నవల రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టి, చదివి చెప్పు అని కూడా అనకుండా వెళ్లిపోయారు. అది ఒక రిటైరైన మనిషి కథ. ఆ మనిషి రోజూ సాయంత్రం రైల్వే స్టేషనుకు వచ్చి ఒక బెంచీ మీద కూర్చుంటాడు. ఎక్కాల్సిన బండి ఏదీ ఉండదు. ఒళ్లో ఒక గుడ్డ సంచి. ఆకుపచ్చ కర్టెన్ గుడ్డతో కుట్టిన సంచి, దానిమీద పసుపు పువ్వులు. ఇంట్లో భార్య నోటికి తట్టుకోలేక అతను రోజూ పారిపోదామని వస్తాడు. సంచిలో ఒక జత బట్టలుంటాయి. ధైర్యం చాలక రోజూ తిరిగి వెళ్తాడు. చివరి పేజీలో బండెక్కుతాడు. కథంతా ఇంతే. కానీ ఆ సంచిని అతను ఒళ్లో ఎలా పట్టుకుంటాడో, బండి కదిలినప్పుడల్లా దాని మీద వేళ్లు ఎలా బిగుసుకుంటాయో ఆయన రాసిన తీరు చదువుతూ నేను ప్రూఫు దిద్దడం మర్చిపోయాను. చివరి పేజీల్లో నాలుగు అచ్చుతప్పులు అలాగే ఉండిపోయాయి. దానికీ ఆయన నన్నే తిట్టారు.

పుస్తకం బయటికొచ్చింది. మా పుస్తకాలకు ఎప్పుడూ లేనంత పేరొచ్చింది. పత్రికల్లో రాశారు, దుకాణాల వాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోను చేసి కాపీలు అడిగారు. అందుకని మా సాయంత్రం సభలో ఆ నవల గురించి ఆయన చేత ప్రసంగం పెట్టించాం. కుర్చీలు చాలక కింద బేకరీ వాళ్లవి కొన్ని పైకి మోయించాను.

ఆ సాయంత్రం ఆయన మంచి ఉత్సాహంలో ఉన్నారు. మైకును రెండుసార్లు వేలితో కొట్టి, దీనికి నా మీద ఏదో కోపమున్నది అన్నారు. జనం నవ్వారు. నవల ఎక్కడ దొరికిందో చెప్పడం మొదలుపెట్టారు. స్టేషన్లో బోయిగూడ వైపు ప్లాట్‌ఫారం మీద నిజంగానే ఒక మనిషి ఉండేవాడట. ఆకుపచ్చ సంచి, పసుపు పువ్వులు, అన్నీ నిజమేనట. తాను సాయంత్రం నడకకు అటు పోయినప్పుడల్లా, దూరంగా టీ కొట్టు పక్కన నిలబడి అతన్ని చూసేవారట.

"ఒక్క చూపుల తెలిసిపాయె," అన్నారు. "ఇంట్ల నోరు పెద్దది."

హాలంతా నవ్వింది. కొన్నాళ్లకు ఆ మనిషి కనపడలేదట. అంటే బండెక్కేశాడని నేను రాసుకున్న, అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ప్రశ్నలుంటే అడగమన్నాను. వెనక వరసల్లోంచి ఒకావిడ లేచారు. అరవై దాటి ఉంటాయి. సన్నంచు చీర, జారకుండా పిన్ను పెట్టిన కొంగు. నేను మైకు తీసుకుని వెళ్లబోతే, అక్కర్లేదమ్మా అన్నారు. నిజంగానే అక్కర్లేదు. ఆ గొంతు ఏళ్లపాటు తరగతి గదిలో చివరి బెంచీ దాకా వెళ్లిన గొంతు.

"ఆ సంచికి ఒక పట్టీ పొడుగు, ఒక పట్టీ పొట్టి కదండీ?" అని అడిగారు.

ఈ సంగతి నవల్లో లేదు. ప్రసంగంలోనూ ఆయన అనలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఔనమ్మా, గట్లనే ఉంటుండె. మీకెట్ల తెలుసు?"

"కుట్టింది నేనేనండీ. గుడ్డ చాల్లేదు."

 ఆవిడ నిదానంగా చెప్పుకుంటూ పోయారు. తాను మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యానన్నారు. మొన్నటిదాకా బోయిగూడలోనే ఉన్నామనీ, ఇప్పుడు యాప్రాల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాననీ అన్నారు. ఆ బెంచీ మీద కూర్చునే మనిషి తన భర్త. ఆయన ఏ బండీ ఎక్కలేదు. ఒక ఆదివారం చర్చికి బయల్దేరుతూ, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఒరిగిపోయారు. ఈ పుస్తకాన్ని ఆడపడుచు తెచ్చి తన చేతిలో పెట్టింది. మా అన్న గురించి ఎవరో రాశారు, చదువుకో వదినా అంటూ. చర్చిలో ఇప్పుడు తనను చూసి మాటలు ఆపేసేవాళ్లున్నారు. ఆ సంచిని ఎరగనివాళ్లు అక్కడ లేరు.

ఇక్కడ ఆయన ఊరుకుంటే బాగుండేది. ఆయన ఊరుకోరని నాకు తెలుసు. కళ్లద్దాలు తీసి ఆవిడను చూశారు. 

"అమ్మా, మీ బాధ నాకు సమజైతది," అన్నారు. "గని మనిషి లోపల ఏమున్నదో పక్కన పండేటోళ్లకు సుత తెల్వదు."

ముందు వరసలో ఎవరో ఇబ్బందిగా దగ్గారు. ఆవిడకు కోపం రాలేదు. లెక్క తప్పు చేసిన పిల్లాడి పలకను చూసినట్టు ఆయన్ను చూశారు.

"ఒక్కసారైనా మాట్లాడారా అండీ ఆయనతో?"

"లేదు."

"అన్ని రోజులు చూశారు కదా. పక్కన చోటు లేదా?"

ఆయన కళ్లద్దాలు తిరిగి పెట్టుకున్నారు.

"ఆ సంచిలో బట్టల్లేవండీ. ఉడకబెట్టిన పల్లీలుండేవి. పక్కన ఎవరు కూర్చున్నా పెట్టేవారు. మీరు కూర్చోలేదు."

ఆవిడ అడిగింది ఒక్కటే. కథ మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి, సంచి తీసేయండి అన్నారు. అని కూర్చున్నారు. ఆయన కూడా కూర్చున్నారు. మైకు నా చేతిలో మిగిలిపోయింది. వందన సమర్పణ ఎలా చేశానో నాకే తెలియదు. సభ అయ్యాక బల్ల మీది కాపీలన్నీ అమ్ముడుపోయాయి. రచ్చ చూసినవాళ్లకు పుస్తకం చదవాలనిపించింది కాబోలు. కొన్నవాళ్లందరి మీదా నాకు ఒళ్లు మండింది. డబ్బు తీసుకుని కాపీలు ఇచ్చింది నేనే.

మర్నాడు పొద్దున్నే ఫోను. "పట్టీ పొట్టిగ ఉండుడు నేను రోజూ చూసిన. గుడ్డ చాలలేదని మాత్రం అనుకోలే." కట్.

ఆ వారంలోనే యాప్రాల్ తీసుకుపొమ్మని వెంటపడ్డారు. సారీ చెప్పడానికేమో అనుకుని నా స్కూటీ మీద తీసుకెళ్లాను. దారి పొడుగునా, నేను బ్రేకు వేసే పద్ధతిని బట్టి నాకు దేనిమీదా నమ్మకం లేదని తేలుతోందన్నారు. ముందు బస్సు ఆగిందని చెప్పాను. అదే అంటున్న, అన్నారు.

టీచరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. సారీ చెప్పడానికి వచ్చిన మనిషి, కప్పు ఖాళీ అయ్యేదాకా, తన నవలే ఎందుకు కరెక్టో వివరించారు. పల్లీలు పంచడం కూడా ఒంటరితనానికి గుర్తేనట. రోజూ ఒకే బెంచీ మీద కూర్చోవడం ఇంటి మీది విముఖత అట. నేను చెప్పులు వేసుకుని వెళ్లిపోదామా అని చూస్తున్నాను. ఆవిడ అంతా విని, ఆయన ఆగాక, ఎందుకు వెళ్లేవారో చెప్పారు.

బోయిగూడలో వాళ్లది రెండు గదుల ఇల్లు. సాయంత్రం ఆవిడ ట్యూషన్లు చెప్పేవారు. పిల్లలు ముందు గదిలో, వంటింట్లో, గుమ్మంలో కూడా కూర్చునేవారు. ఇంటాయన కాళ్లు చాపుకునే చోటుండేది కాదు. స్టేషన్లో ఫ్యాన్లున్నాయి, మనుషులున్నారు. ఆవిడే పల్లీలు ఉడకబెట్టి సంచిలో పెట్టి పంపేవారు. చీకటి పడ్డాక ఆయన తిరిగొచ్చి, ఏ బండి ఎంత ఆలస్యమైందో, పెళ్లివాళ్ల సామాను ఎలా తారుమారైందో చెప్పేవారు. మిగిలిన పల్లీల కోసం పిల్లలు కొందరు ట్యూషన్ అయిపోయినా కదిలేవాళ్లు కాదు. అంతే. అంతకన్నా ఏమీ లేదు.

మా రచయితగారు ఖాళీ కప్పు కింద పెట్టారు. తర్వాత ఒక ప్రశ్న అడిగారు. అడిగి, జవాబు కోసం ఆగారు. ఆయన అలా ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

"ఒక్కడే కూసుంటుండె గదమ్మా. ఏం బాధ లేకుండెనా?"

ఆవిడ వెంటనే లేదనలేదు. గడపవైపు చూస్తూ ఆలోచించారు. "ఉండేదేమోనండీ. రిటైరైన కొత్తలో ఉండేది. ఒక్కోరోజు వచ్చాక కూడా మాట్లాడేవారు కాదు. ఏమైందంటే ఏం లేదనేవారు. నాకు తెలియనిది ఆయనలో ఏమీ లేదని నేను చెప్పను. కానీ ఆ సంచి నా చేతి కుట్టు. పారిపోవడానికి కుట్టివ్వలేదు."

"సంచి తీస్తే నవల పడిపోతది," అన్నారు ఆయన. బెదిరింపు కాదు. ఉన్న విషయం చెప్పినట్టే చెప్పారు.

"పడిపోతుందండీ. నేనూ చదివాను కదా," అన్నారు ఆవిడ.

ఆయన తీస్తాననీ అనలేదు, తియ్యననీ అనలేదు. తిరుగు దారిలో నా బ్రేకుల ఊసెత్తలేదు. మెట్టుగూడ దగ్గర బండి ఆపమన్నారు. దిగి, రోడ్డు పక్కన నిలబడి, దుకాణాల్లో ఉన్న కాపీలన్నీ వెనక్కి తెప్పియ్యి అన్నారు.

నేను అక్కడే, జనం చూస్తుండగానే, గొడవపడ్డాను. ఇన్నేళ్లకు ఒక్క పుస్తకం జనం అడిగి కొంటున్నారన్నాను. పోనీ ఉన్నవి అమ్ముడుపోయాక మార్చుకుందామన్నాను. ఆవిడ ఒక్కరి కోసం నవల చంపుకుంటారా అని కూడా అన్నాను. అన్నిటికీ ఒకే మాట. తెప్పియ్యి.

ఆ తర్వాతి నెలలు తలుచుకుంటే ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. అమ్ముడుపోయే పుస్తకాన్ని ఎందుకు వెనక్కి అడుగుతున్నామో దుకాణాల వాళ్లకు చెప్పలేక చచ్చాను. టీచరుగారు తన భర్త పేరు మళ్లీ నలుగురి నోట్లో నానొద్దన్నారు, కాబట్టి కారణం చెప్పే వీల్లేదు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లకు రచ్చ జరిగిందని తెలుసు గానీ, తర్వాత ఏం జరిగిందో తెలియదు. మా సభవాళ్లకు కూడా ఆయన చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు. నా పని నన్ను చెయ్యనిచ్చారా అంటే అదీ లేదు. తానే ఒక దుకాణానికి వెళ్లి, అక్కడ ఒకమ్మాయి తిరగేస్తున్న తన పుస్తకాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నారు. ఆ షాపాయన నాకు ఫోను చేసి, ఆయన్ను మళ్లీ పంపొద్దని బతిమాలుకున్నాడు.

ఇంకోవైపు తిరగరాయడం. రోజుకో ఫోను. "గొడుగు పెడితే?" కట్. మర్నాడు, "గొడుగు గాదు, పేపరు." కట్. టిఫిను డబ్బా అన్నారు, చేతికర్ర అన్నారు, ఒక వారం పాటు చేతిలో ఒక కుక్కపిల్లను కూడా పెట్టారు. దేన్ని పెట్టినా సంచి పెట్టిన చోటు బోసిగానే ఉంది. ఆ సంగతి నాకు తెలుస్తోంది, నాకన్నా ముందు ఆయనకు తెలుస్తోంది. చివరికి ఆ మనిషి చేతులు ఖాళీగా వదిలేశారు. బండెక్కే చివరి పేజీ కొట్టేశారు. భార్య నోటి సంగతి కొట్టేశారు. మిగిలిన మనిషి బెంచీ మీద కూర్చుంటాడు, లేస్తాడు, ఇంటికి వెళ్తాడు. ఎందుకు కూర్చున్నాడో చదివేవాడికి పట్టదు.

రెండో ముద్రణ వచ్చింది. ఈసారీ పత్రికల్లో రాశారు. ముసలితనంలో తన పుస్తకాన్ని తానే పాడుచేసుకున్న రచయిత అన్నారు. ఎవరి ఒత్తిడికో లొంగాడన్నారు. చెయ్యి అలిసిపోయిందని జాలిపడినవాళ్లున్నారు. ఆయన అవన్నీ చదివి మడిచి పక్కన పెట్టేవారు. ఒక్క ముక్క బదులు రాయలేదు. రాస్తే ఆ మాట బోయిగూడ చర్చి దాకా వెళ్తుంది.

బదులంతా నాకు దక్కింది. ప్రతి సభలో, చక్కెర టీ కలుపుకుంటూ, "నువ్వు ఆమెకు మైకు ఇచ్చినవ్. నవల ఖరాబైంది" అనేవారు. ఆవిడ మైకు తీసుకోనేలేదు సార్ అనేదాన్ని. ఇయ్యబోయినవా లేదా, అనేవారు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా మండేది.

దీంతో ఆయన మారారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మనుషుల్ని చదవడం మానలేదు. కాకపోతే ఒక మాట కొత్తగా చేరింది. చదవడం అయ్యాక, ఔనా కాదా అని అడిగేవారు. కాదంటే చిరాకుపడేవారు. అడగడం వచ్చింది గానీ, జవాబు ఒప్పుకోవడం మాత్రం పోయేదాకా రాలేదు.

సంతాప సభ అదే హాల్లో జరిగింది. నాకు ఫోను చేసిన మిత్రుడే అధ్యక్షుడు. మంచి విమర్శకుడు, ఆయనంటే నిజంగా ప్రేమున్నవాడు. ఆ ప్రేమతోనే వేదిక మీద ఒక ప్రకటన చేశాడు. ఆయన స్మృతికి గుర్తుగా ఆ నవలను మొదటి ముద్రణలో ఉన్నదున్నట్టుగా మళ్లీ అచ్చు వేయిస్తున్నామన్నాడు. బలహీన క్షణంలో రచయిత చేసుకున్న నష్టాన్ని మనం సరిచేద్దామన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నాతో ముందు ఒక్క మాట అనలేదు. వేయించాల్సింది నేను.

చప్పట్లు కొట్టకుండా కూర్చున్న మనిషి ఒకరే, వెనక వరసలో. టీచరుగారు యాప్రాల్ నుంచి వచ్చారు.

నా వంతు వచ్చింది. నాలుగు మంచి మాటలు చెప్పాలని ఇంట్లో అద్దం ముందు అనుకున్నవన్నీ మర్చిపోయాను. మొదటి ముద్రణ మళ్లీ రాదన్నాను. రచయిత తన చేత్తో తీసేసినదాన్ని, ఆయన లేరు కదా అని మనం తిరిగి పెట్టడానికి లేదన్నాను. కారణం నాకు తెలుసు, చెప్పనన్నాను. ఆయన మతిపోయి చేసిన పని కాదు, అన్నీ తెలిసే చేశారన్నాను.  మిత్రుడు నావైపు చూసిన చూపు బాగాలేదు. సంతాప సభలో ఎవరూ చప్పట్లు కొట్టకుండా దిగిపోయింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కింద మెట్ల దగ్గర టీచరుగారు నాకోసం ఆగారు. ఆటో కోసం చూస్తూ, ఆయన చివరిదాకా తన ఇంటికి వస్తూనే ఉండేవారని చెప్పారు. నాకది తెలియదు. బస్సు మారి యాప్రాల్ వచ్చి, టీ తాగి, వాదించి వెళ్లేవారట.

"ఆయన నాకోసం పాడుచేసుకున్నారని ఇప్పుడు రాయొచ్చమ్మా మీరు," అన్నారు. "చేతకాక అనుకుంటున్నారు వీళ్లంతా. పేర్లు మాత్రం వద్దు. ఆయనదీ వద్దు, పేరుంటే మావారిని వెతుక్కుంటూ వస్తారు."

సరేనన్నాను. ఆవిడ కాసేపు ఆగి, రెండోది కూడా చదివానన్నారు.

"బాగాలేదమ్మా అది."

 ఎవరి కోసం నేనిప్పుడు అంతమంది ముందు నిలబడి మాటపడి వచ్చానో, ఆ మనిషి అంటున్న మాట ఇది. ఈ సంగతి ఆయనకు చెప్పారా అని అడిగాను.

"చెప్పాను. నాకు తెల్వదా అమ్మా అన్నారు. ఇంకొంచెం టీ పొయ్యమన్నారు." ఆవిడ చిన్నగా నవ్వారు. "మొదటిదే బాగుందమ్మా. మా ఇద్దరి కథ కాదని తెలిసి కూడా, చివరి పేజీకి నాకు ఏడుపొచ్చింది."

నా ఓపిక అయిపోయింది. పైన వాళ్లింకా కుర్చీలు మడుస్తున్నారు. ఇప్పుడు పైకెళ్లి ఒక్క మాటంటే చాలు. "అయితే వేయించమంటారా మేడమ్?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఆటో వచ్చి ఆగింది. ఆవిడ ఎక్కి, కొంగు సర్దుకుని, నావైపు తిరిగారు.

"వద్దమ్మా," అన్నారు. "బాగుంది కాబట్టే వద్దు."